గేదె వాలకం చదవడం: డాక్టరు రాకముందు, వచ్చినప్పుడు, వెళ్ళాక

"గేదె డల్లుగా ఉందండి, ఒకసారి రండి."

కోనసీమలో పశువైద్యుడిగా నాకొచ్చే ఫోన్లలో సగం ఈ మాటతో మొదలై ఈ మాటతోనే అయిపోతాయి. ఎప్పట్నించి, నిన్న సాయంత్రం ఎలా ఉంది, నెమరేసిందా అని అడిగితే అవతల కాసేపు చప్పుడుండదు. ఆ తర్వాత "మా ఆవిణ్ణి అడిగి చెప్తానండి" అంటారు. మళ్ళీ ఆ మనుషులే తీరిగ్గా కనిపించినప్పుడు "మేం ముందే ఎలా కనిపెట్టాలండీ?" అని అడుగుతారు. వాళ్ళకోసమే ఇదంతా.

నేను మీ పశువుని చూసేది పది నిమిషాలు. కొత్త మనిషి, మందుల వాసన, చుట్టూ వీధిలో జనం. గేదె బెదిరితే నొప్పిని దాచుకుంటుంది. అడవిలో కుంటుతూ కనపడ్డదాన్నే పులి పట్టేది, ఆ భయం దాని రక్తంలో ఇంకా ఉంది. అప్పటిదాకా ముడుచుకుని పడుకున్నది నా బండి చప్పుడు వినగానే లేచి చెవులు నిక్కిస్తుంది. అందుకని నాకు కనపడని జబ్బు మీకు కనపడుతుంది, కాకపోతే ఎలా చూడాలో తెలియాలి.

## 1. బాగున్నప్పుడే రాసుకోండి

జబ్బు చేశాక పుస్తకం తెరిస్తే లాభం లేదు. మామూలుగా ఎలా ఉంటుందో తెలియనిదే తేడా తెలియదు. ఒక వారం రోజులు, పాలు పితికే మనిషే, ఒక్కో గేదెకి ఒక్కో పేజీ:

- కుడితి తొట్టి దగ్గరికి ముందొస్తుందా, వెనకొస్తుందా? ఎంతసేపట్లో ఖాళీ చేస్తుంది?
- ఒక్కో నెమరు ముద్దని ఎన్నిసార్లు నములుతుంది?
- ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది? లేచేటప్పుడు ఒక్క ఊపులో లేస్తుందా?
- చెరువులోకో కాలవలోకో ఏ వేళకి దిగుతుంది? పిలిస్తే వస్తుందా?
- చేపడానికి, అంటే పొదుగులోకి పాలు దింపడానికి, ఎన్ని నిమిషాలు? పూటకి ఎన్ని లీటర్లు?
- పేడ గట్టిదా, జారుడుదా?
- దాని అలవాట్లు: ఒళ్ళు గోకమని మెడ చాపడం, పక్కదాన్ని కుమ్మడం, దూడ కోసం అరవడం

నెమరు లెక్క చాలామందికి చాదస్తంలా అనిపిస్తుంది. నా వరకు ఈ జాబితాలో అన్నిటికంటే విలువైనది అదే. మధ్యాహ్నం గేదె పడుకున్నాక కాస్త దూరంగా కూర్చోండి. మెడ ఎడమపక్క కింద నుంచి ఉండలాంటిది పైకి పాకడం కనపడుతుంది. దవడ పక్కకి తిప్పుతూ నములుతుంది, 40 నుంచి 60 సార్లు. మింగుతుంది. నాలుగైదు క్షణాలు ఖాళీ. మళ్ళీ ఇంకో ఉండ. ఇలా రోజు మొత్తం మీద 6 నుంచి 8 గంటలు. రోజూ 55 నమిలేది ఈవేళ 25కే మింగేసినా, నోట్లో ముద్ద ఉండగానే దవడ ఆపి గోడకేసి చూస్తూ ఉండిపోయినా, అది మేత తింటున్నా సరే లోపల ఏదో మొదలైంది.

ఏటిగట్టు పక్కన ఒక మామ్మగారి పడ్డ (ఇంకా ఈనని వయసు గేదె) సంగతి చెప్తాను. జ్వరం లేదు, మేత కొంచెం తగ్గింది. నేను చూసి అరుగుదల మందు రాసిచ్చి బండెక్కబోతుంటే ఆవిడ, "గట్టు ఎక్కుతోంది బాబూ, కాలవలోకి దిగనంటోంది. రోజూ ముందు దిగేది ఇదే" అంది. వెనక్కొచ్చి దాన్ని గట్టు మీంచి కిందికి నడిపించమన్నాను. రెండడుగులు వేసి ఆగింది, మోచేతులు బయటికి పెట్టి, వీపు విల్లులా వంచి, చిన్నగా మూలిగింది. పల్లానికి దిగేటప్పుడు పొట్టలో బరువు ముందుకి, గుండెవైపు పడుతుంది. మేతతో మింగిన ఇనుపముక్క అక్కడ గుచ్చుకుని ఉంటే భరించలేదు. ఆపరేషన్‌లో వేలెడంత బైండింగు వైరు బయటపడింది. నేను గొట్టంపెట్టి విన్నదాంట్లో దొరకనిది ఆవిడ కాలవగట్టు మీద పట్టుకుంది.

## 2. దగ్గరికి వెళ్ళకముందు అయిదు నిమిషాలు

అనుమానం రాగానే అందరూ చేసే మొదటి పని వెళ్ళి వీపు మీద చరిచి లేపడం. అక్కడే సగం సమాచారం పోతుంది. పాక గుమ్మంలో ఆగండి. ఫోన్ తీసి ఒక నిమిషం వీడియో తియ్యండి, మాట్లాడకుండా. తర్వాత వరసగా ఇవి చూడండి:

- వీపు: వంగి ఉంటే పొట్టలోనో ఛాతీలోనో నొప్పి.
- తల, చెవులు: తల వేలాడేసి, చెవులు వెనక్కో కిందికో వాల్చి, కళ్ళు సగం మూసి ఉంటే నొప్పో జ్వరమో.
- కాళ్ళు: ఒక కాలి మీద బరువు వెయ్యకపోతే గిట్టలు చూడాలి. నిలబడ్డచోటే కాళ్ళు మారుస్తూ పొట్టకేసి తన్నుకుంటే కడుపునొప్పి.
- డొక్క: ఎడమ డొక్క వెన్నుకి సమంగా లేచి ఉందా?
- ఊపిరి: డొక్క ఎగరడం ఒక నిమిషం లెక్కపెట్టండి. నీడలో విశ్రాంతిగా ఉన్న పెద్ద పశువుకి 15 నుంచి 30. 40 దాటితే చెప్పాల్సిన సంగతే.
- పళ్ళు కొరకడం: నెమరు కాదు. కటకటమని వినపడుతుంది. నొప్పికి గట్టి గుర్తు.
- మందలో చోటు: విడిగా, మూలకి తిరిగి నిలబడిందా?

ఎండాకాలం గేదె విషయంలో ఒక మాట. దానికి ఆవుకున్నన్ని చెమట గ్రంథులు లేవు, పైగా నల్లతోలు. మధ్యాహ్నం నీళ్ళలో పడి ఉండడం దానికి సోకు కాదు, అవసరం. మే నెల రెండు గంటల ఎండలో చెరువు పక్కనే నిలబడి దిగని గేదెని తప్పకుండా పట్టించుకోవాలి. కొత్తగా తవ్విన చెరువైతే అడుగు తెలియక కూడా ఆగుతుంది, ఆ తేడా మీరే చెప్పగలరు.

## 3. దగ్గరికి వెళ్ళి తాకి చూడడం

గేదెకి కళ్ళు పక్కలకి ఉంటాయి. దాదాపు చుట్టూ చూస్తుంది, సరిగ్గా తోక వెనక మాత్రం కనపడదు. అందుకే వెనకనించి వచ్చినవాడికి తన్ను తగులుతుంది. భుజానికి ఎదురుగా, పక్కనుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్ళండి. ముందుకు నడపాలంటే భుజానికి కాస్త వెనక నిలబడండి. భుజం దాటి ముందుకొచ్చారంటే అది వెనక్కి నడుస్తుంది. చాలామంది తల దగ్గర పలుపు లాగుతూనే "కదలదండీ ఇది" అని తిడుతుంటారు.

తాకే వరస ఇది:

1. భుజం మీద చెయ్యి వేసి కొన్ని క్షణాలు ఆగండి.
2. ముట్టె చూడండి. తడిగా, బిందువులు పట్టి ఉండాలి.
3. చెవుల మొదలు పట్టుకోండి. చల్లబడ్డాయా?
4. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. లోపలనుంచి అల లేచి చేతిని తోసినట్టు రెండు మూడు సార్లు రావాలి.
5. పొదుగు నాలుగు భాగాలూ తాకండి. ఏదైనా వేడిగా, గట్టిగా ఉందా? తాకితే కాలు ఎత్తుతోందా?
6. ఆఖర్న థర్మామీటరు.

థర్మామీటరు ఆఖర్న ఎందుకో నాకు తగిలిన దెబ్బ చెప్తే అర్థమవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్త, మే నెల. ఒకాయన గేదెని మూడు కిలోమీటర్లు తారురోడ్డు మీద నడిపించుకొచ్చాడు. చూస్తే 104. జ్వరమని ఇంజెక్షన్ చేసేశాను. చెట్టుకింద గంటసేపు కట్టి నీళ్ళు పోశాక చూస్తే 101.5. అసలు జబ్బు కాలిగిట్టలో ఉంది. ఎండ, నడక, భయం ఈ మూడూ ఒంటి వేడి పెంచుతాయి. నీడలో కనీసం అరగంట ఆగాక చూసిందే లెక్క. గేదెకి మామూలుగా 101 ఫారన్‌హీట్‌కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. విశ్రాంతిగా ఉండి కూడా 103 దాటితే జ్వరం.

## 4. పొద్దున్న చూద్దాంలే అనకూడనివి

ఇవి కనపడితే రాత్రయినా ఫోన్ చెయ్యండి. సంచార వైద్యం బండికి 1962 నంబరు ఉంది.

- ఈని మూడు రోజుల్లోపు: లేవలేక, తల డొక్కకేసి తిప్పుకుని, చెవులు చల్లబడి పడుకోవడం. పాలజ్వరం. కాల్షియం రక్తనాళంలోకి మెల్లగా ఎక్కించాలి, తొందరపడితే గుండె ఆగుతుంది. డాక్టరు కాని తెలిసినాయన చేతుల్లో సీసా పెట్టకండి.
- ఎడమ డొక్క డప్పులా బిగిసి, లేస్తూ పడుకుంటూ, నోరు తెరిచి ఊపిరి తీస్తే కడుపుబ్బరం. ముందుకాళ్ళు ఎత్తుమీద ఉండేలా నిలబెట్టి ఫోన్ చెయ్యండి.
- తొలకరి వానల్లో మంద వెనక ఉండిపోయి, చొంగ కార్చి, గొంతు కింద వాచి, గురక పెడితే గొంతువాపు. ఒక్క రోజులో ప్రాణం తీస్తుంది. టీకా వానలకి ముందే పడాలి.
- తల గోడకేసి అదమడం, ఒకే వైపు గుండ్రంగా తిరగడం. జోరీగలు ముసిరే రోజుల్లో ఇది సర్రా అనే రక్తంలో పరాన్నజీవి జబ్బు కావచ్చు.
- నొప్పులు మొదలై రెండు గంటలైనా దూడ కాళ్ళు కనపడకపోవడం.

ఇక చొంగ కార్చుకుంటూ మింగలేని గేదె. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్ళు రాలతాయి, గేదెలు టెంకతో సహా మింగేస్తాయి, గొంతులో అడ్డం పడుతుంది. కాబట్టి చొంగ కనపడగానే మనవాళ్ళు నోరు తెరిచి మోచేతిదాకా చెయ్యి పెట్టేస్తారు. కానీ పిచ్చికుక్క కాటు జబ్బు మొదలైన గేదె కూడా అచ్చం ఇలాగే ఉంటుంది: మింగలేదు, చొంగ, గొంతు బొంగురుపోయి పదేపదే అరుపు. కరిచిన సంగతి ఎవరూ చూసుండరు.

రెండిటికీ తేడా నడతలో దొరకచ్చు. టెంక అడ్డం పడ్డది మేస్తూ మేస్తూ హఠాత్తుగా మెడ చాచి దగ్గుతుంది, పొట్ట ఉబ్బుతుంది, మనిషిని మాత్రం మామూలుగానే గుర్తుపడుతుంది. రెండోది ఒకటి రెండు రోజులుగా బెదురుగానో మొండిగానో మారి ఉంటుంది, ఉత్తినే కుమ్మడానికి వస్తుంది, వెనక కాళ్ళు తడబడతాయి. అయినా మీ అంచనా మీద ఆధారపడి చెయ్యి పెట్టకండి. టెంకే అనిపించినా సరే, వట్టిచేత్తో ఎప్పుడూ వద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే సబ్బుతో, ధారగా పడే నీటికింద పావుగంట కడిగి, ఆరోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా గురించి అడగండి. దాని పాలు దూడకి కూడా పట్టకండి.

## 5. ఫోన్‌లో చెప్పే పద్ధతి

"డల్లుగా ఉంది" అంటే నాకేం తెలియదు. ఇలా చెప్పండి:

"నిన్న సాయంత్రం కుడితి సగం వదిలేసిందండి. రాత్రి నెమరు వెయ్యలేదు. పొద్దున్న పాలు నాలుగు లీటర్లకి రెండే. వీపు వంచి నిలబడింది, పళ్ళు కొరుకుతోంది. నీడలో చూస్తే 102.8. ఈని పన్నెండు రోజులు. మొన్న కొత్త గడ్డిమేటు విప్పాం."

ముప్పావు నిమిషం పట్టదు. ఏ మందులు సంచిలో వేసుకోవాలో నాకు తెలిసిపోతుంది. ముందే ఎవరిచేతనైనా ఇంజెక్షన్ వేయించి ఉంటే దాచకండి, తిట్టను. కోపం వస్తుందనుకోండి, కానీ తిట్టను.

## 6. డాక్టరు వచ్చేలోగా సిద్ధం చెయ్యడం

- కుక్కని కట్టెయ్యండి. పిల్లల్నీ, చూడ్డానికొచ్చినవాళ్ళనీ పంపెయ్యండి. ఇద్దరు మనుషులు చాలు.
- పాలు పితికే చోట కాకుండా, నీడగా, కాలు జారని ఇంకో చోట కట్టండి. పలుపు మూరెడుకి మించి వదలకండి, ముడి ఒక్క లాగుతో ఊడేలా ఉండాలి.
- దూడ కంటికి కనపడేలా ఉంచండి. దూరం చేస్తే తల్లి ఆగదు.
- ఇనుపగేటు, రేకు డబ్బాల చప్పుడు ఉండకూడదు. మనకి వినపడని సన్నటి శబ్దాలు కూడా వాటికి వినపడతాయి.
- వెలుతురులోంచి చీకటి పాకలోకి లాగకండి. గుమ్మంలో నీడచార చూసి గుంటనుకుని ఆగుతుంది. కాసేపు ఆగనివ్వండి, అదే వాసన చూసి దాటుతుంది.
- రోజూ పితికే మనిషి పలుపు పట్టుకోకూడదు.

ఆఖరిదానికి కారణం ఉంది. పశువులు మనుషుల్ని గుర్తుపడతాయి, ఎవరు బాధపెట్టారో గుర్తుపెట్టుకుంటాయి. సూది గుచ్చేటప్పుడు ముందు నిలబడ్డ ముఖమే సాయంత్రం చెంబు పట్టుకుని వస్తే చేపదు. బెదిరితే పాలు దింపే హార్మోన్ పనిచెయ్యదు. ఆవుకి కొంత పాలు ముందే కిందికి దిగి ఉంటాయి, గేదెకి దాదాపు అన్నీ పైనే ఉంటాయి, చేపితేనే దిగుతాయి. అందుకే ఇంజెక్షన్ చేశాక ఒకటి రెండు పూటలు పాలు తగ్గితే కంగారుపడకండి. అదే మనిషి, అదే వేళ, గోరువెచ్చటి నీళ్ళతో పొదుగు కడిగి, ముందు గుప్పెడు తెలకపిండి పెట్టి, మూడు నిమిషాలు ఓపిక పట్టాలి. కొట్లో అమ్మే చేపుడు ఇంజెక్షన్ జోలికి వెళితే మాత్రం రోజూ అది లేనిదే చేపదు.

తోక మెలిపెట్టి కదపడం మానెయ్యండి. తోక కీలు విరుగుతుంది, ఇంకోసారి మనిషిని చూస్తేనే తన్నుతుంది.

## 7. మందు పట్టేటప్పుడు

వెదురు గొట్టం, తల ఆకాశానికెత్తడం, నాలుక బయటికి లాగడం: ఈ మూడూ కలిస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అసలు జబ్బు తగ్గి, నాలుగో రోజు నిమోనియాతో పోయిన గేదెల్ని చూశాను.

ముట్టె కంటి మట్టానికి మించి లేవకూడదు. చెంప సందులోంచి కొంచెం కొంచెంగా పోసి, గుటక వేశాకే మళ్ళీ పొయ్యాలి. దగ్గిందా, వెంటనే తల వదిలెయ్యండి. పడుకుని లేవలేనిదానికి, మింగలేనిదానికి నోటిద్వారా అసలేమీ పట్టకూడదు. పొడి మందయితే బెల్లంలో కలిపి పెట్టి చూడండి, సగం గేదెలు గొడవలేకుండా తినేస్తాయి.

## 8. ఎద: జబ్బు కాదుగానీ జబ్బనుకునేది

పాలు తగ్గింది, మేత మానింది, రాత్రంతా అరిచింది అని పిలుస్తారు. వెళ్ళి చూస్తే ఎద. గేదెలో ఇది ఆవులోలా బాహాటంగా ఉండదు, ఒకదాని మీద ఒకటి ఎక్కడం తక్కువ. వేసవిలో మూగ ఎద (పైకి గుర్తులు కనపడని ఎద) మరీ ఎక్కువ. తెల్లవారుజామున టార్చి వేసుకుని చూడండి: పడుకున్నచోట గాజులా సాగే జిగురు తీగ, మాటిమాటికీ కొద్దికొద్దిగా పంచకం, తోక కాస్త పక్కకి. పుస్తకంలో తేదీ వెయ్యండి, మళ్ళీ 21 రోజులకి అటూ ఇటూ చూడండి. పొద్దున్న కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున్న చూలు కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి.

## 9. వరదలో మామూలు లెక్కలు పనిచెయ్యవు

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. లంకల్లో (ఏటి మధ్య దిబ్బల మీద) ఉన్నవాళ్ళు మొదటి హెచ్చరికకే పశువుల్ని ఏటిగట్టు ఎక్కించడం మంచిది. వెలుగుండగా నడిపిస్తే బెదరవు. రాత్రి నడుములోతు నీళ్ళలో తోలితే దూడలు తల్లుల్ని వదిలేస్తాయి.

గట్టుమీద మొదటి రోజు మేత తగ్గడం, అరవడం, పాలు దిగకపోవడం భయంవల్ల. రెండో రోజుకి నెమరు మొదలవ్వాలి. అవ్వకపోతే అది భయం కాదు, చూపించండి. వేరే ఊరి గేదెల పక్కన దగ్గరగా కట్టకండి, పెత్తనం తేలేదాకా కుమ్ముకుంటాయి. తడిసి బూజుపట్టిన గడ్డి ఆకలితో తింటుంది, మీరే పక్కన పడెయ్యాలి.

## 10. డాక్టరు వెళ్ళాక మూడు రోజులు

జ్వరం దిగితే తగ్గిపోయిందనుకుని మందు ఆపేస్తారు. జ్వరం మందుకి దిగుతుంది, గేదె వాలకం అబద్ధం ఆడదు. రోజూ రెండు పూటలా ఇవి టిక్కు పెట్టండి:

- లేపకుండానే లేచిందా?
- కుడితికి తనంతట తాను వచ్చిందా?
- ఒక్కో ముద్దకి నెమరు పాత లెక్కకి చేరిందా?
- పేడ మామూలైందా?
- పక్కదాన్ని కుమ్మిందా, ఒళ్ళు గోకమని మెడ చాచిందా?

చాలావరకు మేత ముందొస్తుంది, పాలు తర్వాత, చిలిపి చేష్టలు అన్నిటికంటే ఆఖర్న. మూడో రోజుకి మేత వచ్చినా నెమరు పాత లెక్కలో సగం దాటకపోతే ఆ అంకె చెప్తూ మళ్ళీ ఫోన్ చెయ్యండి. మామ్మగారి పడ్డకి ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పడానికి వెళితే, ఆవిడ నాకు గాయం చూపించలేదు. "నిన్న కాలవలోకి ముందు దిగింది బాబూ" అంది.